ఒకటో తరగతి టీచరుకూ ఒక పీజీ కావాలి

సంపాదకుల వారికి నమస్కారం.

నేను శ్రీకాకుళం జిల్లాలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊళ్ళో ఎస్.జి.టి.గా, అంటే ప్రాథమిక పాఠశాల టీచరుగా పనిచేస్తున్నాను. పదిహేడేళ్ళ సర్వీసు. అందులో ఎక్కువ కాలం ఒకటి, రెండు తరగతులే చెప్పాను. ఈమధ్య కాంప్లెక్స్ మీటింగులో, అంటే చుట్టుపక్కల బళ్ళ టీచర్లం కలిసే మీటింగులో, భోజనాల దగ్గర నేనొక మాటన్నాను. చిన్నపిల్లలకి చదవడం నేర్పడం ఎలా అన్న విషయం మీద, ఉద్యోగం మానకుండా చదువుకునేలా మనలాంటివాళ్ళకి యూనివర్సిటీలో రెండేళ్ళ పీజీ ఉంటే బాగుండును, ఉంటే రేపే చేరతాను అన్నాను. పక్క స్కూలు మాస్టారు ఒకరు, మంచివారే, నాకంటే సీనియర్, "అ ఆ ఇ ఈ చెప్పడానికి పీజీ ఎందుకు మేడమ్?" అన్నారు. అందరూ నవ్వారు. నాకు ఆ క్షణాన నోట మాట రాలేదు. ఇంటికొచ్చాక కూడా ఆ ప్రశ్న వదల్లేదు. ఆయనకి చెప్పాల్సిన జవాబు మీ పత్రిక ద్వారా చెబుతున్నాను, ఎందుకంటే ఆ ప్రశ్న ఆయనొక్కరిదే కాదు, పిల్లల తల్లిదండ్రులది, ఆఫీసర్లది, చాలామంది టీచర్లది కూడా.

మా రెండో తరగతిలో ఒక గుంటడున్నాడు. చురుకైనవాడు. నోటిలెక్కలు టకటకా చేస్తాడు, వాళ్ళ నాన్న వేట నుంచి తెచ్చిన చేపల పేర్లన్నీ చెప్తాడు. పుస్తకంలో 'రాత్రి' అని ఉంటే మాత్రం 'రాతిర' అని చదువుతాడు. ఇళ్ళల్లో రాత్తిరి అంటారు కదా, ఆ అలవాటేమో అని మొదట అనుకున్నాను. కానీ 'మిత్రుడు' అన్న చోట 'మితురడు' అన్నాడు. 'పుస్తకం' దగ్గర 'పుసతకం', 'స్నేహం' దగ్గర 'సేనహం'. అప్పుడు అర్థమైంది, ఇది ఇంటి మాట వల్ల వచ్చింది కాదు. వాడు కంటికి కనిపించింది కనిపించినట్టే చదువుతున్నాడు. 'త్రి'లో గుడి త మీద ఉంది, ర ఒత్తు కింద ఉంది, కాబట్టి ముందు 'తి' తర్వాత 'ర'. మనం పలికేటప్పుడేమో త, ర రెండూ అయ్యాకే ఇకారం వస్తుంది. అంటే రాతలో అచ్చు గుర్తు ముందు అక్షరం మీద ఎక్కి కూర్చుంటుంది, శబ్దంలో వెనక అక్షరం తర్వాత పలుకుతుంది. ఈ తిరకాసు వాడికి ఎవరూ చెప్పలేదు. నేను చెప్పలేదు, ఎందుకంటే నాకు కూడా ఎవరూ చెప్పలేదు.

ఇన్నేళ్ళూ నేనేం చేశానో చెప్తాను. అలా చదివిన పిల్లలందరినీ "ఒత్తులు రావు" అనే ఖాతాలో వేసేశాను. ఒత్తులు పదిసార్లు రాయించాను, ఇరవై సార్లు రాయించాను. క ఒత్తు, ఖ ఒత్తు అని వరసగా అప్పజెప్పించాను. పిల్లలు బాగా అప్పజెప్పేవారు. తీరా పాఠంలోకి వెళ్తే మళ్ళీ 'మితురడు'. కొందరైతే మూడో తరగతికొచ్చేసరికి పుస్తకం చూస్తేనే తల దించేసుకునేవారు. వాళ్ళల్లో ఒకడు ఇప్పుడు మా ఊరి సెంటర్లో ఆటో తోలుతున్నాడు, నేను ఎక్కితే డబ్బులు తీసుకోడు. సెల్‌ఫోన్లో వచ్చిన మెసేజ్ నాచేత చదివించుకుంటాడు. వాణ్ణి చూసినప్పుడల్లా నాకు కడుపులో తిప్పినట్టుంటుంది.

తర్వాత దారి ఎలా దొరికిందంటే, అనుకోకుండా. ఒకరోజు పిల్లలతో చప్పట్లాట ఆడిస్తున్నాను. మాటలో ఎన్ని ముక్కలుంటే అన్ని చప్పట్లు. 'పుస్తకం' అంటే పు, స్త, కం అని మూడు కొట్టారు. మా గుంటణ్ణి పుస్తకం తీసి అదే మాట చదువుతూ కొట్టమన్నాను. 'పు స త కం' అని నాలుగు కొట్టి ఆగిపోయాడు. నా మొహం చూశాడు. "ఒకటి ఎక్కువైపోనాది టీచర్" అన్నాడు. వాడి తప్పు వాడికే వినబడింది. ఆ వేళ నుంచి ఒత్తు ఉన్న మాటని ముందు చెవితో పట్టించి, తర్వాత కంటికి చూపిస్తున్నాను. తలకట్టు మీద ఒత్తున్న మాటలు ముందు, గుడి, కొమ్ము, ఏత్వం ఉన్నవి తర్వాత. ఒకే అక్షరానికి అదే ఒత్తు వచ్చే అమ్మ, అక్క, కొబ్బరి లాంటివి ఇంకా ముందు. ఇదంతా నాకు తట్టడానికి ఇన్నేళ్ళు పట్టింది. ఎవరైనా తెలిసినవాళ్ళు పక్కన కూర్చుని చెప్పుంటే ఒక నెలలో తెలిసేది. ఇన్నేళ్ళలో నా చేతుల మీదుగా వెళ్ళిన పిల్లల సంగతేంటి?

తెలుగు లిపిలో ఇలాంటివి ఇంకా చాలా ఉన్నాయి, చదివేసే మనకి అవి కనబడవు. గ, డ లాంటి అక్షరాల ఒత్తులు అసలు అక్షరాన్నే పోలి ఉంటాయి, కానీ త, న, మ, య, ర, ల ఒత్తులకి అసలు అక్షరంతో పోలికే లేదు, అంటే పిల్లవాడు అక్కడ కొత్త గుర్తులు నేర్చుకోవాలి. 'కు'లో కొమ్ము పెట్టినట్టు 'వ'కి పెడితే 'మ' అయిపోతుంది, అందుకే 'వు', 'పు'ల్లో కొమ్ము వేరేగా కిందికి దిగుతుంది. 'హా' దీర్ఘం వేరే తీరు. 'మో', 'యో'లలో ఓత్వం వేరే తీరు. ఐత్వం సగం పైన, సగం కింద. మనం గుణింతం మొత్తాన్ని 'క'తో నేర్పి, మిగతావన్నీ అలాగే అనేస్తాం. పిల్లలు మనల్ని నమ్మి అలాగే చేస్తారు, తప్పుపోతారు, అప్పుడు మనమే వాళ్ళని మొద్దులంటాం.

కన్నడ లిపి మనదానికి తోబుట్టువు లాంటిది. కన్నడ పిల్లలు అక్షరాలు ఎంత వేగంగా పట్టుకుంటారో పరిశీలించి సొనాలీ నాగ్ అనే పరిశోధకురాలు 2007లో ఒక పత్రం ప్రచురించారు. ఇంగ్లీషులా ఇరవై ఆరు అక్షరాల లిపి కాదు కాబట్టి ఇక్కడ గుణింతాలు, ఒత్తులు పూర్తిగా వంటబట్టడానికి ఏళ్ళు పడుతుంది, నాలుగో తరగతి దాకా కూడా సాగుతుంది అన్నది అందులోని ముఖ్య విషయం. అది చదివిన రోజు నాకు ఏడుపొచ్చింది. రెండో తరగతి చివరికి ఒత్తులు రాకపోతే పిల్లవాడికి తెలివి లేదనుకున్నాను నేను, అది లిపి తీసుకునే సమయం అని తెలిసుంటే పిల్లల్ని అంత కసిరేదాన్ని కాదు. కన్నడ, మరాఠీ పిల్లల్ని ఒకటో తరగతి నుంచి మూడో తరగతి దాకా వెంబడే ఉండి చూసిన పరిశోధన కూడా మన దేశంలో జరిగింది. తెలుగు పిల్లల గురించి అంత లోతుగా తెలుసుకోవాలంటే తెలుగు బళ్ళో ఉన్న టీచర్లే చెయ్యాలి, వాళ్ళకి ఎలా చూడాలో, ఎలా రాసుకోవాలో నేర్పేవాళ్ళు ఉండాలి. పీజీ అని నేనడిగేది దానికోసమే.

మరి ఇన్నేళ్ళలో నువ్వేం చదవలేదా అని ఎవరైనా అడగొచ్చు. చదివాను. టీచర్ ట్రైనింగ్ తర్వాత డిగ్రీ దూరవిద్యలో చేశాను, ఎం.ఏ. తెలుగు దూరవిద్యలో చేశాను, బి.ఇడి. చేశాను. ఎం.ఏ.లో కావ్యాలు, ఛందస్సు, వ్యాకరణం, సాహిత్య విమర్శ చదివాను, అవి నా మనసుకి చాలా ఇచ్చాయి, వాటిని ఒక్క మాట కూడా తక్కువ చెయ్యను. కానీ సంధులు, సమాసాలు అన్నీ చదివినా, ఏడేళ్ళ పిల్లవాడు 'మిత్రుడు' దగ్గర ఎందుకు ఆగిపోతున్నాడో ఒక్క పేజీలో కూడా లేదు. బి.ఇడి. అసలు హైస్కూలు కోసం పెట్టింది.

ఇక్కడే నాకు బాధ కలిగించే సంగతొకటుంది. మన దగ్గర ఎస్.జి.టి. పై చదువులు చదివితే అది ఒకటో తరగతిని వదిలి వెళ్ళడానికే. ఎం.ఏ., బి.ఇడి. ఉంటే స్కూల్ అసిస్టెంట్ ప్రమోషన్, హైస్కూలు. తప్పు కాదు, ప్రమోషన్ కోరుకోని ఉద్యోగి ఉండడు, జీతం పెరుగుతుంది, గౌరవం పెరుగుతుంది. నా స్నేహితురాలు ఒకావిడ చిన్నపిల్లలకి కథలు చెప్పి చదివించడంలో మా మండలంలోనే దిట్ట. ఇప్పుడు హైస్కూల్లో పదో తరగతి వాళ్ళకి స్టడీ అవర్స్ చేయిస్తోంది. ఆవిడ ఉన్న ఊళ్ళో పిల్లలకి కొత్తగా వచ్చిన టీచరు మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టారు. నాకూ రెండేళ్ళ కిందట పిలుపొచ్చింది, నాట్ విల్లింగ్ ఇచ్చాను. మా ఇంట్లో దాని మీద పెద్ద గొడవే అయింది. చిన్నపిల్లల దగ్గర ఉండిపోవాలనుకున్న టీచరు పైకి ఎదగడానికి ఈ వ్యవస్థలో ఒక్క మెట్టు కూడా లేదు.

ట్రైనింగులు ఇస్తున్నారు కదా అంటారు. ఇస్తున్నారు. 2021 జూలై 5న నిపుణ్ భారత్ అనే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం మొదలైంది, మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి పిల్లా పిల్లాడూ అర్థమయ్యేలా చదవాలి, 2026-27 నాటికి ఇది జరగాలి అన్నారు. లక్ష్యం మంచిది, నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. దాని కోసం నిష్ఠ పేరుతో దీక్షా యాప్‌లో 12 కోర్సులు పెట్టారు. 2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచరుకీ ఏడాదికి 50 గంటల శిక్షణ ఉండాలంది. కోర్సులు చేశాను, సర్టిఫికెట్లు ఉన్నాయి, వాటిలో చెప్పిన విషయాలు తప్పని కూడా అనను. కానీ వీడియో నా క్లాసులోకి రాదు కదా. నేను చూపించిన పద్ధతి ఆ పిల్లాడికి ఎందుకు పట్టుబడలేదో వీడియోకి తెలీదు. మూడు రోజుల ట్రైనింగులో చెప్పినాయన నాలుగో రోజు ఫోన్ ఎత్తరు, ఆయన తప్పు కాదు, ఆయనకి వేరే మండలం ఉంటుంది.

ఫలితం ఎలా ఉందో చూడండి. పల్లెటూళ్ళలో ఇల్లిల్లూ తిరిగి చేసే అసర్ సర్వేలో, దేశం మొత్తం మీద మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు 2022లో 20.5 శాతం. 2024కి 27.1 శాతం అయింది. పెరిగింది, సంతోషమే. నూటికి డెబ్బైమందికి పైగా ఇంకా చదవలేకపోతున్నారన్నది కూడా అదే లెక్కలో ఉంది.

ఇప్పుడు మా టీచర్లందరికీ ఒకటే టెన్షన్, టెట్, అంటే టీచరు అర్హత పరీక్ష. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పొచ్చాక, రిటైర్మెంటుకి ఇంకా అయిదేళ్ళకు మించి సర్వీసు మిగిలున్న పాతవాళ్ళం కూడా రెండేళ్ళలో ప్యాసవ్వాలి. స్టాఫ్ రూముల్లో బిట్లు చదువుతున్నాం, నేను కూడా చదువుతున్నాను. పేపర్ 1లో 150 మార్కులు, శిశు వికాసం, పెడగాజీకి 30, రెండు భాషలకి 30 చొప్పున. పరీక్ష వద్దనను. కానీ నాలుగు జవాబుల్లో ఒకటి టిక్కు పెట్టడం వస్తే పిల్లాణ్ణి చదివించడం వచ్చినట్టు కాదు, అది మాకు తెలుసు, పేపరు తయారుచేసేవాళ్ళకీ తెలుసు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకి నోటిఫికేషన్ ఇచ్చారు, వాటిలో ఎస్.జి.టి.లుగా మా ఏరియాకి కొత్తగా వచ్చిన పిల్లలు ఎంత తెలివైనవాళ్ళో చూస్తున్నాను. వాళ్ళల్లో ఒకమ్మాయి మొన్న నాకు ఫోన్ చేసి "అక్కా, ఒకటో తరగతికి వెళ్ళాలంటే భయమేస్తోంది, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగింది. అంత పోటీలో నెగ్గి వచ్చిన అమ్మాయికి ఆ భయం ఎందుకు ఉండాలి?

వేరేచోట్ల దీన్ని ఎలా చూస్తారో కొంచెం చెప్తాను. అమెరికాలో చదవడం నేర్పడం అనేది విడిగా ఒక మాస్టర్స్ డిగ్రీ. పగలు బళ్ళో పాఠం చెప్పే టీచర్లే సాయంత్రాలు, వేసవి సెలవుల్లో చదువుకుంటారు. న్యూయార్క్ రాష్ట్రంలోనైతే మొదటి సర్టిఫికెట్ అయిదేళ్ళే, ఆలోగా మాస్టర్స్ పూర్తిచేస్తేనే పూర్తిస్థాయి సర్టిఫికెట్. ఆ చదువుల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ప్రాక్టికల్స్. చదవలేకపోతున్న ఒక పిల్లవాడితో టీచరు నెలల తరబడి పనిచెయ్యాలి, పక్కన కూర్చుని వాడు చదివిన ప్రతి మాటా ఎలా చదివాడో గుర్తు పెట్టుకోవాలి, ఆ కాగితాలు పట్టుకెళ్ళి తోటివాళ్ళతో, ప్రొఫెసరుతో కూర్చుని ఎందుకిలా చదివాడని మాట్లాడుకోవాలి. డాక్టర్లకి కేసులున్నట్టు. వాళ్ళ సిలబస్ ఎత్తుకొచ్చి ఇక్కడ పెట్టమనడం లేదు. 2000లో అక్కడ నేషనల్ రీడింగ్ ప్యానెల్ అని ఒక కమిటీ చదవడానికి ధ్వనుల ఎరుక, అక్షరానికీ ధ్వనికీ సంబంధం, ధారాళత, పదసంపద, అర్థం చేసుకోవడం అని అయిదు విషయాలు చెప్పింది, కానీ వాళ్ళు చూసింది ఇంగ్లీషు చదివే పిల్లల్ని. మన పిల్లల మాట వేరు. పైగా 2020-21 నుంచి మన పుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. ఆరేళ్ళ పిల్లవాడు రెండు లిపులు ఒకేసారి మొయ్యాలి, రెండూ రెండు రకాల పద్ధతులు, ఒకదాంట్లో 'క' ఎప్పుడూ 'క'నే, ఇంకోదాంట్లో 'C' అక్షరం ఒకచోట క, ఒకచోట స. దీన్ని సంబాళించాల్సింది ఒక్క టీచరు.

మన దేశంలోనూ దారి చూపినవాళ్ళున్నారు. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ 2006లో ఎలిమెంటరీ ఎడ్యుకేషన్‌లో ఎం.ఏ. మొదలుపెట్టింది, ఉద్యోగాలు చేసుకునేవాళ్ళ కోసమే, కొన్ని వారాలు క్యాంపస్‌లో, మిగతా కాలం పని చేసుకుంటూ. చేరదామని నేనూ ఒకప్పుడు ఆలోచించాను. ముంబై దూరం, చదువు ఇంగ్లీషులో, ఇంట్లో చిన్నపిల్ల, అత్తగారికి ఆరోగ్యం బాగోదు. అక్కడితో ఆగిపోయాను. నాలాంటి ఆడవాళ్ళు ఈ జిల్లాలో వందల్లో ఉంటారు.

అందుకే నేనడిగేది ఇక్కడే, తెలుగులోనే. ఎచ్చెర్లలో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ యూనివర్సిటీ ఉంది, 2008లో వచ్చింది. వమరవల్లిలో డైట్, అంటే జిల్లా టీచర్ ట్రైనింగ్ సంస్థ ఉంది. విజయనగరం వాళ్ళకి అక్కడి డైట్ ఉంది. ఈ ముగ్గురూ కలిస్తే కొత్త బిల్డింగు కూడా అక్కర్లేదు. దసరాకి, సంక్రాంతికి కొన్ని రోజులు, వేసవిలో నెల రోజులు, మిగతా ఏడాది నెలకో ఆదివారం. ప్రాక్టికల్స్‌కి ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు, మా బడే మా ప్రయోగశాల. నేర్పేవాళ్ళు ఏడాదికి నాలుగైదు సార్లయినా మా క్లాసుకొచ్చి వెనక బెంచీలో కూర్చుని చూడాలి, ఇది మాత్రం లేకపోతే మిగతాదంతా ఉన్నా నాకొద్దు. పరీక్ష బిట్ పేపర్ కాకూడదు, ఇద్దరు పిల్లల చదువు రెండేళ్ళపాటు ఎలా సాగిందో రాసిన రికార్డే పరీక్ష. ఆ రికార్డులు పదేళ్ళు పోగుపడితే తెలుగు పిల్లలు ఎలా చదువు నేర్చుకుంటారో చెప్పే నిధి మన జిల్లాలోనే తయారవుతుంది.

ఇక్కడే అని ఎందుకంటున్నానంటే, దూరం ఒక్కటే కారణం కాదు. మా పిల్లల భాష. 'లేదు' అని ఉంటే మా గుంటలు 'నేదు' అని చదువుతారు. 'వెళ్తున్నాను' అని ఉంటే 'ఎల్తన్నాను' అంటారు. బేస్‌లైన్ టెస్ట్, అంటే పిల్లల స్థాయి ఎంతో మొదట్లో చూసే పరీక్ష, చేసేటప్పుడు దీన్ని తప్పు కింద వేసే టీచర్లని చూశాను, నేనూ వేశాను. కానీ ఆలోచించండి, 'లేదు' చూసి 'నేదు' అన్నవాడు ఆ మాట చదివాడు, అర్థం చేసుకున్నాడు, తన ఇంటి భాషలో పలికాడు. వాడికి చదవడం వచ్చు! 'లేదు' చూసి 'లోదు' అన్నవాడికి సాయం కావాలి. ఇద్దరికీ ఒకే సున్నా వేస్తే మొదటివాడు తన ఇంట్లో మాట్లాడేదే తప్పు అనుకుంటాడు, ఇక బళ్ళో నోరు విప్పడు. ఏ తప్పు తప్పు, ఏది తప్పు కాదు అని తెలుసుకోవడం అ ఆ ఇ ఈ అంత తేలిక కాదు మాస్టారూ.

ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి వైపు చాలా ఇళ్ళల్లో ఒడియా. మందస, మెళియాపుట్టి కొండల్లో, పక్క జిల్లాలోకి వెళ్ళిన సీతంపేట, భామినిలో సవర. ఆ పిల్లలకి బళ్ళో వినబడే భాషే కొత్త, దాని మీద మళ్ళీ లిపి. రెండు వేల దశకం మొదట్లో సవరతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతులు మొదలుపెట్టారు, పుస్తకాలూ వేశారు. ఆ పుస్తకం పట్టుకున్న టీచరుకి ఇంటి భాష నుంచి బడి భాషకి పిల్లవాణ్ణి ఎలా నడిపించాలో లోతుగా నేర్పడం నాలుగు రోజుల ట్రైనింగు వల్ల కాదు.

గిడుగు రామమూర్తి పంతులుగారు మా జిల్లావారే, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. ఆగస్టు 29న ఆయన ఫోటోకి దండ వేసి తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. ఆయన 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో టీచరుగా చేరారు, ఉద్యోగం చేస్తూ ఇంటి దగ్గర చదువుకునే బి.ఏ. దాకా వెళ్ళారు. సవర భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లల కోసం వాచకాలు, కథలు, పాటలు తయారుచేశారు. అంటే పని చేస్తున్న ఒక బడిపంతులు, తన ఎదురుగా ఉన్న పిల్లల భాషని చదివి, అందులోంచి బోధన తయారుచేసుకున్నారు. నేనడిగే పీజీలో ఉండేది సరిగ్గా అదే పని. ఆయన యూనివర్సిటీ సాయం లేకుండానే చేశారు. మా దగ్గర యూనివర్సిటీ ఉంది.

డబ్బు సంగతి. ఫీజు మేమే కట్టుకుంటాం, అందరూ కట్టలేకపోతే సగం ప్రభుత్వం పెట్టుకోవాలి. పూర్తిచేసినవాళ్ళకి రెండు ఇంక్రిమెంట్లు ఇవ్వాలి, అది కూడా ప్రాథమిక పాఠశాలలో ఉన్నంతకాలమే అని షరతు పెట్టండి, నాకు అభ్యంతరం లేదు. కాంప్లెక్స్‌కి ఒకరిని చదవడం నేర్పే విషయంలో తోటి టీచర్లకి చేదోడుగా పెట్టాలి, వారానికి ఒకరోజు వేరే బళ్ళకి వెళ్ళేలా. నాకు ఫోన్ చేసిన ఆ కొత్త అమ్మాయి పక్కన ఎవరో ఒకరు కూర్చోవాలి కదా.

ఇప్పటికే యాప్‌లు, ఫోటోలు, రిజిస్టర్లతో ఊపిరాడటం లేదు, మళ్ళీ ఇదొకటా అని నా స్నేహితులే అంటారని తెలుసు. అందుకే ఇది ఇష్టమున్నవాళ్ళకే ఉండాలి. బలవంతంగా అందరినీ తోస్తే ఇదీ సర్టిఫికెట్ల ఫైల్లోకి చేరుతుంది. మొదటి బ్యాచ్‌లో జిల్లాకి ముప్ఫైమంది చాలు.

మా గుంటడు ఇప్పుడు 'మిత్రుడు' సరిగ్గా చదువుతున్నాడు. 'రాత్రి' అని చదివి, "అంటే రాత్తిరే కదా టీచర్" అని మొన్న వాడే చెప్పాడు. 'స్త్రీ' దగ్గర ఇంకా ఆగుతున్నాడు, మూడు హల్లులు ఒకచోట ఉన్నాయి. కొన్ని కథలు వేగంగా చదివేస్తాడు కానీ అందులో ఏం జరిగిందని అడిగితే చెప్పలేడు. అది ఒత్తుల సమస్య కాదు, వేరేది. దాన్ని ఎలా పట్టుకోవాలో నాకు సగమే తెలుసు, మిగతా సగం కోసం మళ్ళీ అన్నేళ్ళు ఆగే ఓపిక నాకున్నా వాడికి అంత టైము లేదు, ఏప్రిల్ దాటితే మూడో తరగతికి వెళ్ళిపోతాడు.

యూనివర్సిటీ పెద్దలు, విద్యాశాఖ అధికారులు మీ పత్రిక చూస్తారని నమ్మకం. వచ్చే విద్యా సంవత్సరానికి నోటిఫికేషన్ ఇస్తే మొదటి అప్లికేషన్ నాది.

ఇట్లు
ఒక ఎస్.జి.టి.,
శ్రీకాకుళం జిల్లా